చెప్పలేనిదా, చెప్పరానిదా: ‘ఇనెఫబుల్’ అనే మాట గురించి

చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయంలో పోటీ పరీక్షలకు చదువుకునే మా పక్కింటి అమ్మాయి నోటుపుస్తకంలో ఇంగ్లిషు మాటలు ఎడమవైపు, వాటి తెలుగు అర్థాలు కుడివైపు బారులు తీరి ఉంటాయి. అందులో ఒకచోట ‘ఇనెఫబుల్’ అన్న మాటకు ఎదురుగా ‘అనిర్వచనీయమైన’ అని రాసుకుంది. రాసుకున్నాక, “అంకుల్, అనిర్వచనీయం అంటే ఏంది?” అని నన్నే అడిగింది. ఒక బరువైన మాటకు అంతకన్నా బరువైన మాటను అర్థంగా ఇవ్వడం నిఘంటువులు మనకు నేర్పిన అలవాటు కనుక ఆమెను తప్పుపట్టడానికి లేదు. పైగా ఆ అర్థం తప్పు కూడా కాదు. అయితే ఆ మాట అతికే చోట్లు కొన్ని ఉంటే, అతకని చోట్లు అంతకంటే ఎక్కువ ఉన్నాయి. ఒక సంగతిని చెప్పలేమని అన్నప్పుడు ఎందుకు చెప్పలేకపోతున్నామన్న ప్రశ్న వేసుకుంటే తప్ప ఆ తేడా బయటపడదు. ఇంగ్లిషు మాట ఆ ప్రశ్నను దాటవేస్తుంది. తెలుగులో దాన్ని దాటవేయడం కొంచెం కష్టం.

ముందు మాట పుట్టుక చూద్దాం. లాటిన్‌లో ‘ఫారీ’ అంటే పలకడం. దానికి ‘బయటికి’ అన్న అర్థమిచ్చే ఉపసర్గ చేరితే ‘ఎఫ్ఫారీ’, అంటే నోరు తెరిచి వెలిబుచ్చడం. దాని ముందు ‘కాదు’ అన్న అర్థంలో ‘ఇన్’ చేర్చి, వెనుక ‘తగిన, వీలైన’ అన్న ప్రత్యయం పెడితే ‘ఇనెఫ్ఫాబిలిస్’ అయింది. అది ఫ్రెంచి మీదుగా 14వ శతాబ్దం చివర ఇంగ్లిషులోకి వచ్చింది. ఉచ్చారణలో ఊనిక రెండో అక్షరం మీద పడుతుంది. పరీక్షల హడావిడిలో దీన్ని ‘ఇన్‌ఎఫెక్టివ్’ కుటుంబంలో కలిపేసి ‘పనిచేయని’ అని అర్థం రాసేవాళ్లు ఉంటారు; ఆ రెండింటికీ చుట్టరికం లేదు. దీని అసలు చుట్టాలు వేరు. ఇంకా మాట్లాడలేని పసిబిడ్డను లాటిన్‌లో ‘ఇన్‌ఫాన్స్’ అన్నారు, అదే నేటి ‘ఇన్‌ఫంట్’. నలుగురూ చెప్పుకునేది ‘ఫేమ్’, చెప్పిన కథ ‘ఫేబుల్’, దైవం పలికి పెట్టినది ‘ఫేట్’. మన తలరాత బ్రహ్మ రాసినది కాగా, వాళ్ల తలరాత పలికినది అన్నమాట. సంస్కృతంలో పలకడాన్ని చెప్పే ‘భణతి’ కూడా ఈ వేరు నుంచే వచ్చిందని భాషా చరిత్రకారులు చెబుతారు. మన కావ్యాలలో పలుకు తీరు అన్న అర్థంలో కనిపించే ‘భణితి’కీ ఈ ఇంగ్లిషు మాటకూ దూరపు బంధుత్వం ఉందన్న సంగతి నాకు తెలిసినప్పుడు ఆశ్చర్యమేసింది.

అంతకన్నా పెద్ద ఆశ్చర్యం ‘అనిర్వచనీయం’లోనే ఉంది. ‘అ’ అంటే కాదు, ‘నిర్’ అంటే వెలికి, ‘వచ్’ అంటే పలకడం, ‘అనీయ’ అంటే తగిన లేదా వీలైన. రెండు మాటలనూ పక్కపక్కన పెట్టి విడదీస్తే ముక్కకు ముక్క సరిపోతుంది. ఒకరిని చూసి ఒకరు రాసుకోకుండానే రెండు భాషలు ఒకే అచ్చులో ఒకే మాటను పోశాయి. ఇంత చక్కగా సరిపోయిన జంటను చూశాక నిఘంటుకారుడు ఇక వేరే మాట వెతకకపోవడం సహజమే. కానీ మాటల అర్థం పుట్టుకతో ఆగదు. ఇందులోని ‘నిర్’ మన సాహిత్యంలోనే రెండు దారులు పట్టింది: తిక్కన ‘నిర్వచనోత్తర రామాయణం’లో ‘నిర్వచనం’ అంటే వచనం లేనిది, మొత్తం పద్యాలలోనే నడిచేది. నేటి పాఠ్యపుస్తకాల్లో ‘నిర్వచనం’ అంటే త్రిభుజానికో వేగానికో ఇచ్చే కచ్చితమైన లక్షణవాక్యం. కాబట్టి ఈ రోజు చదువుకున్న తెలుగువారి చెవికి ‘అనిర్వచనీయం’ అంటే నిర్వచనం ఇవ్వలేనిది అని వినిపిస్తుంది. నిర్వచించలేకపోవడం ఒకటి, అసలు పలకలేకపోవడం ఇంకొకటి. అందం అంటే ఏమిటో ఎవరూ నిర్వచించలేకపోవచ్చు, కానీ దాని గురించి తెల్లవార్లూ మాట్లాడవచ్చు.

దీనికి తోడు అద్వైతులు ఈ మాటను తమ శాస్త్రంలో పారిభాషిక పదం చేసుకున్నారు. మసక వెలుతురులో తాడు పామై కనిపించింది. ఆ పాము ఉన్నదందామా అంటే, దీపం తెచ్చేసరికి లేకుండా పోయింది. లేనే లేదందామా అంటే, కనిపించి ఒంట్లో వణుకు పుట్టించింది. కుందేటి కొమ్ము అలా ఎవరికీ ఎప్పుడూ కనిపించదు. ఉన్నదనీ లేదనీ కూడా తేల్చడానికి వీల్లేని ఆ స్థితికి వాళ్లు పెట్టిన పేరు అనిర్వచనీయం. మాయ కూడా వారి లెక్కలో అలాంటిదే. ఇక్కడ గమనించవలసినది ఏమిటంటే, ఈ అనిర్వచనీయం గొప్పదనీ కాదు, పవిత్రమైనదనీ కాదు. వెలుగు పడితే చెరిగిపోయేదని. పరబ్రహ్మ విషయంలో ఉపనిషత్తు వాడిన మాట తీరు వేరు. మనసుతో సహా వాక్కు అందుకోలేక వెనుదిరిగే చోటు అని తైత్తిరీయం చెప్పింది: “యతో వాచో నివర్తంతే అప్రాప్య మనసా సహ.” ఇంగ్లిషులో దేవుణ్ణి ఉద్దేశించి ‘ఇనెఫబుల్’ అన్నప్పుడు దానికి దగ్గరైనది ఈ వాక్యం నుంచి వచ్చిన ‘అవాఙ్మానసగోచరం’. ‘అనిర్వచనీయం’ అని అనువదిస్తే అద్వైతం చదివినవారికి దేవుణ్ణి తాడు మీద పాముతో జమకట్టినట్టుంటుంది.

ఇక ఇంగ్లిషు మాటలో దాగి ఉన్న రెండో అర్థానికి వద్దాం. ‘ఇనెఫబుల్’ అంటే చెప్పడానికి వీలుకానిది మాత్రమే కాదు, చెప్పకూడనిది కూడా. యూదుల సంప్రదాయంలో దేవుడి పేరు నాలుగు హల్లులతో రాస్తారు. చదివేటప్పుడు ఆ పేరు పలకకుండా ‘అదొనాయ్’, అంటే ‘ప్రభువు’ అని చదువుతారు. పూర్వం జెరూసలేం ఆలయంలో ప్రధాన యాజకుడు ప్రాయశ్చిత్త దినాన దాన్ని ఉచ్చరించేవాడని ఆ సంప్రదాయం చెబుతుంది. ఇంగ్లిషులో దీన్ని ‘ఇనెఫబుల్ నేమ్’ అంటారు. ఆ పేరు పలకడం నాలుకకు కష్టమేమీ కాదు. నిషేధం ఉంది కనుక పలకరు. మనకు ఇది కొత్త కాదు. మొన్నమొన్నటి దాకా మన ఇళ్లలో ఆడవాళ్లు మొగుడి పేరు నోటితో చెప్పకపోవడం, పాము కరిచిందనకుండా ‘పురుగు ముట్టింది’ అనడం ఈ కోవలోవే. ఒకటి గౌరవం, మరొకటి భయం. పేరు ఎత్తకపోవడంలో మాత్రం రెండూ ఒకటే. ఈ నిషేధం ఎంత దూరం పోయిందంటే, మర్యాదలు మితిమీరిన 19వ శతాబ్దపు ఇంగ్లండులో ప్యాంటును ప్యాంటు అనడానికి సిగ్గుపడి ‘ఇన్‌ఎక్స్‌ప్రెసిబుల్స్’ అనీ ‘ఇనెఫబుల్స్’ అనీ అన్నారు. దేవుడి పేరుకు తగిలించిన విశేషణాన్ని బహువచనం చేసి దండెం మీద ఆరేశారు.

తెలుగులో ఈ రెండు అర్థాలనూ ఒకే మాటలో ఇముడ్చుకున్నది అచ్చమైన ‘చెప్పరాని’. “చెప్పరాని ఆనందం” అన్నప్పుడు అది అసాధ్యం. “చెప్పరాని మాటలన్నాడు” అన్నప్పుడు అది బూతు. “చెప్పరాని చోట దెబ్బ తగిలింది” అన్నప్పుడు అది ఇంగ్లండువాళ్ల ప్యాంటు సంగతే. ‘రాదు’ అన్న చిన్న క్రియలో ఇంత వైశాల్యం ఉంది: సిటీ బస్సులో రాసి ఉండే “పొగ త్రాగరాదు” నిషేధం, “నాకు ఈత రాదు” చేతకానితనం, “ఊహింపరాని” అసాధ్యం. మా వైపు తెలంగాణ మాటలో ఇంకో అందమైన వాడుక ఉంది. తెలిసిన సంగతే మాటల్లో పెట్టలేకపోయినప్పుడు “నాకు చెప్పొస్తలేదు” అంటారు. అందులో లోపం విషయానిది కాదు, భాషది కూడా కాదు. చెప్పడమనే పని ఈ క్షణంలో నా దగ్గరికి రావడం లేదు, అంతే. రేపు రావచ్చు. ‘ఇనెఫబుల్’ అన్న మాటకు ఈ ఆశ లేదు, ఎన్నటికీ ఎవరికీ చెప్పడం కుదరదన్న ఖరారు దానిది. అందుకే ఈ వాడుక ఎంత మనోహరమైనదైనా దానికి సమానార్థకం కాలేదు. సంస్కృతం నుంచి తెచ్చుకున్న ‘అవాచ్యం’ మాత్రం తెలుగులో పూర్తిగా ఒకవైపుకు ఒరిగిపోయింది. అవాచ్యాలు పలికాడంటే నోరు పారేసుకున్నాడని అర్థం. ‘ఇనెఫబుల్ గాడ్’ను ‘అవాచ్యుడైన దేవుడు’ అని అనువదించేవారికి నా సానుభూతి.

ఇంగ్లిషు కూడా తన పనిని పంచుకుంది. ‘అన్‌స్పీకబుల్’ అంటే అక్షరార్థంలో పలకలేనిదే, కానీ వాడుకలో అది ఘోరాలకు వెళ్లింది. ‘ఇనెఫబుల్’ సాధారణంగా మనసును పైకెత్తేవాటికీ, పట్టుకోబోతే జారిపోయేవాటికీ దక్కింది: జాయ్, బ్యూటీ, చార్మ్, మిస్టరీ, ఇంకా ఒక రకమైన సన్నని సాడ్‌నెస్. ఎగతాళిగా ఒకరి మూర్ఖత్వానికో అహంకారానికో తగిలించేవారూ ఉన్నారు. అక్కడ మాట ఘనతే వ్యంగ్యానికి పదును పెడుతుంది. కానీ యుద్ధంలో జరిగిన ఊచకోతను ‘ఇనెఫబుల్’ అంటే వినేవారు ఉలిక్కిపడతారు. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగినప్పుడు ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లినీ భార్యనూ కూతురినీ ఆ వరదలో పోగొట్టుకున్నారు. ఆ దుఃఖాన్ని ఇంగ్లిషులో చెప్పాలంటే ‘అన్‌స్పీకబుల్’ అనాలి. ఆయన దాని మీద కవిత రాశారన్నది వేరే సంగతి. పలకలేనిదని మనం అనే చాలా దుఃఖాలు నిజానికి వినలేనివేమో. అనుభవించినవారు పలుకుతూనే ఉంటారు.

తెలుగు పత్రికా భాషలో కూడా ఇలాంటి పంపకమే జరిగింది, అయితే ఇంగ్లిషుకు తలకిందులుగా. పుట్టుక చూస్తే ‘వర్ణనాతీతం’ ఘనమైన మాట, వర్ణనను దాటిపోయినది. కానీ హైదరాబాద్‌లో గంట సేపు వాన పడిన మర్నాడు పత్రిక తెరిస్తే “వాహనదారుల అవస్థలు వర్ణనాతీతం” అని ఉంటుంది, వేసవిలో అయితే “నీటి కష్టాలు వర్ణనాతీతం.” కష్టాలతో అది ఎంతగా ముడిపడిపోయిందంటే, ఒక కచేరీ వర్ణనాతీతంగా సాగిందని ఎవరైనా అంటే మైకు పాడైందా అన్న అనుమానం వస్తుంది. ‘అనిర్వచనీయం’ ‘అనుభూతి’ని పెళ్లాడింది, టీవీలో తొలిసారి అవార్డు అందుకున్న ప్రతివారికీ అనిర్వచనీయమైన అనుభూతే కలుగుతుంది. ఇక మన ఊళ్లో బిర్యానీకి వచ్చేసరికి తెలుగువారు కూడా ఉర్దూలోకి జారి ‘లాజవాబ్’ అంటారు. అది చెప్పలేనిదని కాదు, దానికి జవాబు లేదని, అంటే సాటి లేదని. ఈ మాటలన్నీ నిఘంటువులో ఒకదాని పక్కన ఒకటి కూర్చుంటాయి, వాడుకలో మాత్రం ఒకదాని కుర్చీలో మరొకటి కూర్చోదు.

ఇంతకీ రుచి దగ్గరికి వచ్చాం కాబట్టి ఇక్కడ కొంచెం ఆగాలి, ఎందుకంటే చెప్పలేనితనానికి మన పూర్వులు ఇచ్చిన అత్యుత్తమ ఉదాహరణలు రుచులవే. ఇరానీ చాయ్ ఎలా చేస్తారో చెప్పవచ్చు: డికాక్షన్‌ను మూతపెట్టి సన్నని సెగ మీద చాలాసేపు దమ్ చేస్తారు, పాలను విడిగా చిక్కబడేదాకా మరిగిస్తారు, కప్పులో రెండూ కలుపుతారు. కానీ దాన్ని ఎన్నడూ తాగనివారికి ఆ రుచి చెప్పమంటే చిక్కగా ఉంటుంది, కమ్మగా ఉంటుంది అన్న రెండు మాటల దగ్గర ఆగిపోతాం. సంస్కృత ఆలంకారికుడు దండి తన కావ్యాదర్శంలో ఇదే మాట అన్నాడు: “ఇక్షుక్షీరగుడాదీనాం మాధుర్యస్యాంతరం మహత్, తథాపి న తదాఖ్యాతుం సరస్వత్యాపి శక్యతే.” చెరకు, పాలు, బెల్లం, వీటి తీపుల మధ్య తేడా చాలా పెద్దది, అయినా దాన్ని చెప్పడం సరస్వతి తరం కూడా కాదు. కవుల శైలుల మధ్య తేడాలు చెప్పాల్సి వచ్చినప్పుడు ఆయన ఇచ్చిన పోలిక ఇది. ఇందులో దైవం లేదు, సమాధి లేదు. నాలుకకు స్పష్టంగా తెలిసిన తేడా మాటకు అందడం లేదు, అంతే. కన్ను తేడా పట్టగలిగినన్ని రంగులకు పేర్లు లేవు, చెవి గుర్తుపట్టే గొంతులను మాటల్లో వేరు చేసి చెప్పలేం. చెప్పలేనిది హిమాలయాల్లోనే ఉండనక్కరలేదు, వంటింట్లోనూ ఉంటుందని దండికి తెలుసు. ఇంగ్లిషు మాటకున్న గాంభీర్యం వల్ల ఈ సాదా చెప్పలేనితనం కనబడకుండా పోతుందని నా ఫిర్యాదు.

నారద భక్తిసూత్రాలు ఈ రుచిని భక్తిలోకి తీసుకుపోయాయి. “అనిర్వచనీయం ప్రేమస్వరూపమ్” అని ఒక సూత్రం, వెంటనే “మూకాస్వాదనవత్” అని మరొకటి. మూగవాడు రుచి చూసినట్టు అని దాని అర్థం. అతనికి రుచి తెలియక కాదు, పూర్తిగా తెలుసు. తెలిసినదాన్ని అవతలివారికి చేరవేసే సాధనమే లేదు. అమెరికా తత్త్వవేత్త విలియం జేమ్స్ 1902లో వెలువడిన తన గ్రంథంలో మార్మిక అనుభవాలకు నాలుగు లక్షణాలు చెబుతూ మొదటిదిగా ‘ఇనెఫబిలిటీ’ని పెట్టారు. సంగీతం పట్టే చెవి ఉన్నవారికే సింఫనీ విలువ తెలుస్తుందని, ప్రేమించినవారికే ప్రేమికుడి స్థితి అర్థమవుతుందని ఆయన ఇచ్చిన వివరణ. నారదుడి మూగవాడి దగ్గర లోపం చెప్పేవాడి నోటిలో ఉంటే, జేమ్స్ దగ్గర అది వినేవాడి చెవిలో ఉంది. నాకు జేమ్స్ వివరణే ఎక్కువ నచ్చుతుంది. చాయ్ తాగినవారిద్దరు కలుసుకుంటే “ఆ చాయ్” అన్న రెండక్షరాలు చాలు కదా.

జైనులది ఇంకో రకం. ఒక సంగతిని ఏడు తీర్లుగా చెప్పే వారి సప్తభంగి నయంలో ఒక వస్తువు ఒక దృష్టితో ఉన్నది, మరో దృష్టితో లేదు. ఆ రెంటినీ ఒకదాని తరువాత ఒకటి చెప్పవచ్చు. రెంటికీ సమాన ప్రాధాన్యం ఇచ్చి ఒకే క్షణంలో చెప్పమంటే దానికి పదం లేదు కనుక అది ‘అవక్తవ్యం’. మాటలు వరుసలో తప్ప నడవవన్న భాషా స్వభావం వల్ల కలిగిన చిక్కు ఇది. హుస్సేన్ సాగర్ నడుమ నిలబడిన బుద్ధుడిదైతే అసలు చెప్పలేనితనమే కాదు. లోకం శాశ్వతమా కాదా వంటి ప్రశ్నలు శిష్యుడు మాలుంక్యపుత్రుడు అడిగితే, విషబాణం తగిలినవాడు బాణం వేసినవాడి కులగోత్రాలు తెలిసేదాకా బాణం తీయనివ్వనంటే ఎలా ఉంటుందని ఎదురు అడిగాడు. పనికిరాదు కనుక జవాబు చెప్పలేదు. దీన్ని కూడా ‘ఇనెఫబుల్’ ఖాతాలో రాసేసే ఇంగ్లిషు వ్యాసాలున్నాయి, అది తొందరపాటు.

ఈ మాటకు ఒక సొంత చిక్కు కూడా ఉంది. ఒకదాన్ని చెప్పలేనిది అన్నప్పుడు దాని గురించి ఒక మాట చెప్పేశాం కదా? క్రీస్తు శకం 400 ప్రాంతంలో క్రైస్తవ మతాచార్యుడు అగస్టీన్ ఈ మాటే అన్నాడు: దేవుణ్ణి చెప్పశక్యం కానివాడని కూడా అనకూడదు, ఎందుకంటే అలా అనడమూ ఏదో చెప్పడమే. మన దేశంలో వ్యాకరణవేత్త భర్తృహరి వాక్యపదీయంలో ఇదే ముడిని చూశాడు: అవాచ్యమన్న మాటతో దాన్ని సూచిస్తే అది వాచ్యమైపోతుంది. అగస్టీన్ ఈ మాటల పోరును మౌనంతో తప్పించుకోవడం మేలన్నాడు. 9వ శతాబ్దపు కశ్మీరంలో ఆలంకారికుడు ఆనందవర్ధనుడు దీన్ని ఆయుధం చేసుకున్నాడు. కావ్యంలోని ధ్వని, అంటే పైకి చెప్పకుండా స్ఫురించే అర్థం, మాటలకు అందదు, సహృదయుడి మనసుకు తెలుస్తుంది, అంతే అని చేతులు దులుపుకునేవారు ఆయన ప్రత్యర్థులలో ఒక వర్గం. ఏ పదానికీ అందని వస్తువు ఒకటి ఉండదు, చివరికి ‘అనాఖ్యేయం’ అన్న పదంతోనైనా దాన్ని పిలవవచ్చు అని వారికి జవాబు చెప్పి, ధ్వని లక్షణాలను, భేదాలను చెబుతూ ఒక గ్రంథం రాసి చూపించాడు. పుస్తక సమీక్షల్లో “మాటల్లో చెప్పలేని అనుభవం” అని ఒక్క వాక్యంతో ముగించే మనవాళ్లకు ఆనందవర్ధనుడు ఎదురుపడితే బాగుండుననిపిస్తుంది.

కవులకు ఈ చిక్కు చిక్కులా తోచలేదు, పనిముట్టులా కనిపించింది. వేయి నాలుకల ఆదిశేషుడికైనా తరం కాదంటూనే నూరు పద్యాలు చెప్పేయడం మనకు పరిపాటి. త్యాగయ్య “ఎంతని నే వర్ణింతును శబరీ భాగ్యము” అని ముఖారి రాగంలో ఎత్తుకుని, ఆ తరువాత చరణంలో ఆ భాగ్యాన్ని వర్ణించే తీరుతాడు. చెప్పలేననడం ఇక్కడ చేతులెత్తేయడం కాదు, వినేవారి చెవిని సిద్ధం చేయడం. యూరోపియన్ సాహిత్యంలోనూ ఈ పద్ధతి ఉంది. జర్మన్ పండితుడు ఎర్న్‌స్ట్ రాబర్ట్ కుర్టియస్ 1948లో దీన్ని ఒక సంప్రదాయ కావ్య సామగ్రిగా గుర్తించి పేరు పెట్టారు. అయితే ఒక తేడా చూడాలి. శేషుడు చెప్పలేనిది పరిమాణం; ఒక్కో గుణమూ చెప్పవచ్చు, చెప్పి ముగించడమే కుదరదు. తెలుగువారు “ఇంతా అంతా కాదు” అనేది దీన్నే. దండి సరస్వతి చెప్పలేనిది ఒక్క బెల్లం ముక్క తీపి. మొదటిదానికి కాలం చాలదు, రెండోదానికి కాలంతో పని లేదు. ఇంగ్లిషు ‘ఇనెఫబుల్’ ప్రధానంగా రెండో రకానిది. మొదటి రకాన్ని దానితో చెబితే కొంచెం వదులుగా ఉంటుంది.

ఇవన్నీ ఆ అమ్మాయికి ఒకే సాయంత్రం చెప్పలేదు. ఆమె పుస్తకంలో మాత్రం పెన్సిలుతో కొన్ని వరుసలు రాసి ఇచ్చాను. ‘ఇనెఫబుల్ జాయ్’కు మాటలకందని ఆనందం చాలు, సందర్భం గంభీరమైతే అనిర్వచనీయానందం అన్నా చెల్లుతుంది. ‘ఇనెఫబుల్ నేమ్’కు ఉచ్చరింపరాని నామం. ‘ఇనెఫబుల్ గాడ్’కు వాక్కుకు, మనసుకు అందని దైవం. ‘ఇనెఫబుల్ చార్మ్’కు ఇదీ అని చెప్పలేని ఆకర్షణ; ‘ఇదీ అని’ అన్న రెండు చిన్న మాటలు దండి బెల్లం ముక్కను పట్టుకున్నంత దగ్గరగా దీన్ని పట్టుకుంటాయి. ‘ఇనెఫబ్లీ సాడ్’ దగ్గర నేనే చాలాసేపు ఆగి, “చెప్పనలవి కాని దిగులు” అని రాసి, ‘దిగులు’ కొట్టేసి ‘బెంగ’ అని రాసి, మళ్లీ ‘దిగులు’ అనే పెట్టాను. ఆమె అంతా ఓపికగా చూసి, “పరీక్షల నాలుగు ఆప్షన్లే ఉంటయి అంకుల్, ఏది టిక్ పెట్టాలె?” అని అడిగింది. ‘ఇన్‌ఎక్స్‌ప్రెసిబుల్’ కనిపిస్తే దానికి పెట్టమన్నాను.